కార్డు మీద నా పేరు

మొన్న ఆదివారం బాపట్లలో నన్ను పదిమంది ముందు పెద్దమనసు గలదాన్నని మెచ్చుకున్నారు. నవ్వకండి. ఎందుకు మెచ్చుకున్నారో విన్నాక నవ్వుదురుగాని.

తెనాలిలో డిజైనింగ్ షాపు పెట్టి పాతికేళ్లయింది కదా, మావారి తరఫున మూడు పెళ్లిళ్లకు కార్డులు నేనే చేశాను. మూడింట్లోనూ 'ఆహ్వానించువారు' కింద అందరూ మగవాళ్లే. ఎం.ఏ. చదివి, వాళ్ల పేర్లను కాస్త ఇటూ కాస్త అటూ జరుపుతూ కూర్చున్నాను. ఈసారి బాపట్ల బావగారి అమ్మాయి పెళ్లి. ఫోన్లోనే తేల్చేశాను.

"బావగారూ, ఈ కార్డులో మావారి పక్కన నా పేరు కూడా ఉంటుందండి."

ఆయన కాసేపు దగ్గారు. "నీ చేతిలో పనేగా అమ్మా. వేసుకో."

వేసుకోనా మరి! అందరి పేర్లూ మామూలు అక్షరాల్లో పెట్టి, నా పేరుకొక్కదానికి బంగారు మెరుపు ఇచ్చాను. పోయిన నెల ఎక్కించుకున్న డిజైనింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో వచ్చిన ఎఫెక్ట్ అది. మూడు పెళ్లిళ్ల కసి మరి.

ఫైలు రేపల్లెలో ప్రెస్సుకి పంపాను. గంటలో ప్రెస్సు సుబ్బారావుగారి ఫోను.

"ఓపెన్ అవట్లేదండి మేడమ్. మాది పాత వెర్షన్ కదండీ."

"ఇంకా ఆ పాత చింతకాయ పచ్చడేనా సుబ్బారావుగారూ?"

"కొత్తది ఎక్కిస్తే నా కంప్యూటర్ మంచం పడుతుందండి. కాస్త పాతదాంట్లో సేవ్ చేసి పంపండి."

విసుక్కుంటూనే సేవ్ కొట్టాను. స్క్రీన్ మీద ఇంగ్లీషులో నాలుగు లైన్ల హెచ్చరిక వచ్చింది. కొత్త ఎఫెక్టులు పెట్టినవి పాత వెర్షన్‌లో కనిపించవని దాని సారాంశం. ఆ సంగతి ఇప్పుడు తెలుసు. అప్పుడు చదివితేగా! షాపుకొచ్చే ప్రతివాళ్లనీ "చదవకుండా ఓకే నొక్కుతారేంటండి?" అని కసిరేది నేనే. ఓకే నొక్కేశాను.

"ప్రూఫ్ వాట్సాప్‌లో పెడతాను, ఒకసారి చూస్తారా?" అన్నారు పాపం సుబ్బారావుగారు, ఫైలు అందగానే.

"నా ఫైలుకి ప్రూఫేంటండీ? ప్రింటు కొట్టి నేరుగా బాపట్ల బస్సులో వేసేయండి."

ఆదివారం మేం వెళ్లేసరికి కార్డులకు పసుపు రాయడం, సగం ఊరికి పంచడం కూడా అయిపోయాయి. ఒకటి తీసి ముందు కిందకే చూశాను. బావగారు ఉన్నారు. మరుదులు ఉన్నారు. మావారు ఉన్నారు. మావారి పక్కన తెల్లగా ఖాళీ!

నా మొహం చూసి బావగారు ఏమనుకున్నారో, వియ్యంకుడి వైపు తిరిగారు. "మా మరదలండి. పేరు వేసుకోమ్మా అని నేనే చెప్పాను. మళ్లీ ఆలోచించుకుని తనే తీసేసింది. ఎంత పెద్దమనసో చూడండి."

"ఆ ఖాళీ వల్లే కార్డు నీట్‌గా వచ్చింది అమ్మాయ్" అంది మా తోటికోడలు.

నిజం చెప్పాలంటే బంగారు మెరుపు సంగతీ చెప్పాలి. అది చెప్పేకంటే పెద్దమనసే నయం! "అంతేనండి బావగారూ" అని రెండో గారె కూడా తిన్నాను. చేదుగా ఉంది.

తిరుగు బస్సు పొన్నూరు దాటాక మావారు నెమ్మదిగా అడిగారు. "అంత పోట్లాడి వేసుకున్నావే, నిజంగా నువ్వే తీసేశావా?"

"నేనేనండి. ఓకే నొక్కి మరీ తీశాను."