అడ్డపొగ తాగిన మనిషికి టెస్టెందుకట!

మా అమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, జీడితోటలో కూలీలతో సమానంగా పని చేసేది. ఊపిరితిత్తిలో గడ్డ ఉందనీ, అది కేన్సరేననీ విశాఖలో డాక్టరు గారు చెప్పిన రోజే చుట్ట పారేసింది. అయినా ఏం లాభం? నాతవరం వైపు చుట్టాలంతా షేరాటోలెక్కి నర్సీపట్నంలో మా ఇంటికి పలకరింపుకి దిగిపోయారు. చేతిలో బత్తాయిలు, నోట్లో ఒకటే మాట. "ఆ సుట్ట మానీమంటే ఇన్నావా?"

పలకరింపా అది? పంచాయితీ! నాకు ఒళ్ళు మండిపోయేది.

కీమో మొదలెట్టే ముందు, గడ్డలోంచి తీసిన ముక్కకి జీన్ టెస్టు చేయిద్దామన్నారు డాక్టరు గారు. అందులో ఫలానా మార్పు కనిపిస్తే రోజూ మాత్ర వేసుకుంటే చాలట. రిపోర్టు వచ్చేదాకా ఆగాలి. ఈ సంగతి వినగానే అమ్మ తమ్ముడు, మా మేనమామ, అందుకున్నాడు.

"ఆ మాత్రలు పొగ తాగనోళ్ళకంటమ్మా. అప్ప సంగతి ఊరందరికీ తెలుసు. ఇంకా టెస్టులేటి? బేగి కీమో ఎక్కించీ."

అందరూ తలలూపారు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "వొద్దులేవే. సేసుకున్నది నానే గదా," అంది. జన్మలో ఎవరికీ తలొంచని మనిషి అలా అనేసరికి నేను మావ వైపు తిరిగాను.

"తాగినా తాగకపోయినా చూడాల్సిందేనని డాక్టరు గారే చెప్పారు. నువ్వెక్కడి డాక్టరువి మావా?" అని అరిచేశాను. బడిలో పిల్లల మీద కూడా అంత గొంతు ఎత్తి ఎరగను. మావ విసవిసా వెళ్ళిపోయాడు. పోతే పోనీ.

ఆగిన రోజుల్లో అమ్మ దగ్గినప్పుడల్లా నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఏమైనా అయితే కూతురే ఆలస్యం చేసి చంపేసిందంటారు, నాకు తెలుసు. అయినా మాట మార్చలేదు.

రిపోర్టు వచ్చింది. గడ్డలో ఆ మార్పు ఉంది. పూర్తిగా నయమవుతుందని మాటివ్వలేననీ, అదుపులో ఉంచడానికి మాత్ర ఉందనీ డాక్టరు గారు చెప్పారు. అమ్మ కుర్చీలో ముందుకి జరిగింది.

"బాబూ, నాను అడ్డపొగ తాగేదాన్నని ఈల్లు మీకు సెప్పినారా?"

"చెప్పారమ్మా. మందిచ్చేది గడ్డలో ఏముందో చూసి."

ఆసుపత్రి మెట్లు దిగుతూనే మావకి ఫోన్ కలపమంది. వద్దమ్మా, ఇంటికెళ్ళాక మాట్లాడుదువులే అంటే వింటేనా! ఆయాసపడుతూ, నా భుజం పట్టుకుని నిలబడి, దారిన పోయేవాళ్ళు తిరిగి చూసేలా అరిచింది.

"ఒరే, నాను సచ్చిపోడానికి నువ్వు ఒప్పేసుకున్నావురా. నానొప్పుకోను."