నులక మంచం మీద డ్రోన్ బ్యాటరీలు

2024 నవంబరు. మార్కాపురంలో పలకల గనులకు వెళ్లే రోడ్డు పక్కన నా బ్యాటరీ దుకాణం. ముప్పై ఏళ్లుగా ఇదే పని. మొదట ట్రాక్టరు బ్యాటరీలు బాగుచేసేవాణ్ణి, తరవాత ఇన్వర్టర్లవి, ఆటోలవి, ఇప్పుడు డ్రోన్లవి కూడా. నా పేరు మస్తాన్. నోరు పెద్దదని బజారంతా అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. బ్యాటరీని పాడుచేసి తెచ్చిన మనిషిని ముందు తిట్టి, ఆ తరవాతే కుర్చీ వేస్తాను.

ఆ సోమవారం ఉదయం ఒకామె ఆటో దిగి, టమాటాల ట్రేలో ఐదు డ్రోన్ బ్యాటరీలు పెట్టుకుని మోసుకొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. పేరు నాగేశ్వరి. పెద్దారవీడు దగ్గర పల్లె. ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి పొలాల్లో మందు కొట్టే డ్రోన్ వచ్చింది. ట్రైనింగుకు వెళ్లి నేర్చుకొచ్చి, ఏడాదిగా దాన్ని ఎగరేస్తున్నది ఈమే.

ఒక్కో బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టాను. రెండు ఉబ్బిపోయి ఉన్నాయి. నాకు మండిపోయింది.

"వీటిని చంపిందెవరమ్మా?" అన్నాను.

"నేనేనంటున్నారన్నా అందరూ. అందుకే వచ్చినా" అంది. ట్రే అంచును పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. కుర్చీ వేశాను.

సంగతి ఏమిటంటే, మొదట్లో ఒక ఛార్జింగుకు ఎకరా పొలం తడిపే బ్యాటరీ ఇప్పుడు అరెకరాకే దిగిపోతోంది. కంది పూత మీదుంది, కాయతొలిచే పురుగు పడింది. సంఘం వాళ్ల పొలాలన్నీ కలిపి నలభై ఎకరాలు. గురు, శుక్ర, శని మూడు రోజుల్లో మందు పడకపోతే పురుగు కాయలోకి దూరిపోతుంది, ఇక ఏ మందుకూ అందదు. సంఘం అధ్యక్షురాలు సుబ్బలక్ష్మి తేల్చి చెప్పేసిందట: శనివారం పొద్దు గుంకేలోపు నలభై ఎకరాలూ కాకపోతే డ్రోన్‌ను దర్శిలో అద్దెకు నడిపే ఒకాయనకు అప్పగించేస్తామని.

"అన్నా, ఊళ్లో నన్ను పైలెట్ అని పిలుస్తారు. మళ్లా కూలికి పోవడం నాకు నామోషీ కాదు. చేతగాక పోగొట్టుకునిందంటారే, అదన్నా నేను ఓర్చుకోలేంది" అంది.

ఇవి లిథియం పాలిమర్ బ్యాటరీలు. ఒక్కోదాని లోపల వరసగా చిన్న చిన్న సెల్స్ ఉంటాయి. అన్నీ సమానంగా నిండాలి, సమానంగా ఖాళీ కావాలి. మీటరు పెట్టి ఇంటర్నల్ రెసిస్టెన్స్ చూశాను. అంటే కరెంటుకు బ్యాటరీ తన లోపల తానే పెట్టుకునే అడ్డు. బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ అది పెరుగుతుంది. ఉబ్బిన రెంటికీ వైద్యం లేదు. వాటిని నొక్కినా గుచ్చినా మంట లేస్తుంది కాబట్టి ఇసుక బకెట్లో పెట్టి దూరంగా ఉంచాను. మిగతా మూడింటికీ ప్రాణం గట్టిగానే ఉంది. సెల్స్ మాత్రం ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయి కూర్చున్నాయి. తక్కువ కరెంటుతో, నిదానంగా, అన్ని సెల్స్‌నూ ఒక మట్టానికి తెచ్చే బ్యాలెన్స్ ఛార్జింగ్ పెడితే లేస్తాయి.

"డ్రోన్ దిగినాక బ్యాటరీని ఏం చేస్తావ్?"

"వెంటనే ఛార్జింగుకు పెడతా. రైతులు నెత్తిమీద నిలబడి ఉంటారు గదన్నా."

"వేడిగా ఉండగానేనా? సరే. పని లేని రోజుల్లో?"

"ఫుల్లుగా ఎక్కించి రేకుల గదిలో పెడతాం. మా అత్త ఒప్పుకోదన్నా. బియ్యం డబ్బా కానీ, నీళ్ల బిందె కానీ, దీపంలో నూనె కానీ, ఇంట్లో ఏదీ ఖాళీగా ఉండకూడదంటాది. వానలప్పుడు మూడు వారాలు పనే లేదు. రోజూ చూసేది, బ్యాటరీ మీద నాలుగు లైట్లూ వెలుగుతున్నాయా లేదా అని."

తల పట్టుకున్నాను. ఈ జాతి బ్యాటరీని నిండుగా నింపి వారాల తరబడి ఎండకు కాగే గదిలో ఉంచితే అదే ఉబ్బుతుంది. పని లేనప్పుడు సగానికి కాస్త పైన ఉంచి, నీడపట్టున పెట్టాలి. ఇది స్టోరేజ్ ఛార్జ్. ఎగిరి వచ్చినదాన్ని చల్లారాకే ఛార్జింగుకు పెట్టాలి. ఇంకా ముప్పై శాతం ఉండగానే కిందికి దించాలి. ఇవన్నీ చెప్పి, చివర్లో నా తెలివి కూడా కొంచెం కలిపాను.

"చల్లారడానికి పలకరాయి మీద పెట్టు. నా దుకాణంలో చూడు, నేలంతా అదే. మే నెలలో కూడా అరికాలికి చల్లగా తగుల్తుంది."

బుధవారం సాయంత్రానికి మూడు బ్యాటరీలూ కోలుకున్నాయి. తీసుకుపోయింది.

గురువారం తొమ్మిదిన్నరకు ఫోన్. "అన్నా, నువ్వు చెప్పినట్లే చేస్తున్నా. అరగంటైనా వేడి దిగడంలేదు. పొద్దున్నించి మూడెకరాలే అయినాయి. సుబ్బలక్ష్మక్క గట్టు మీదే కూర్చోనుంది."

నా మాట వినకుండా ఏదో చేసి ఉంటుందని తిట్టుకుంటూ, వేడి కొలిచే గన్ జేబులో వేసుకుని బండి తీశాను. పొలానికి వెళ్లి చూస్తే, ఎర్రటి ఎండలో గట్టు పక్కన గనుల నుంచి తెచ్చి పడేసిన నల్లటి పలకరాళ్లు. వాటి మీద బ్యాటరీలు బుద్ధిగా వరసగా ఉన్నాయి. గన్ పెట్టి చూశాను. బ్యాటరీ కన్నా రాయే ఎక్కువ వేడిగా ఉంది.

"ఈ రాయి మీద పెట్టమన్న మొనగాడెవరమ్మా?" అని అరిచాను.

"నువ్వేనన్నా" అంది నాగేశ్వరి.

గట్టు మీద ఆడవాళ్లందరూ పగలబడి నవ్వారు. నా జన్మలో అంత సిగ్గు పడలేదు. దుకాణంలో పైకప్పు కింద చల్లగా ఉన్న రాయిని తలుచుకుని, ఎండలో పెనంలా కాలే రాయి మీద పెట్టించాను. ముప్పై ఏళ్ల అనుభవమట!

అక్కడే గొర్రెలను మేపుకుంటూ నాగేశ్వరి అత్త ఓబులమ్మ నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. ఆమె దగ్గరికి వచ్చి, "ఏంది నాయనా దీని బాధ?" అని అడిగింది. ఎగిరి వచ్చి వేడెక్కిన బ్యాటరీకి వెంటనే కరెంటు ఎక్కించకూడదు, ముందు చల్లారాలి అని చెప్పాను.

"అంతేనా? ఎండలో పరిగెత్తి వచ్చిన గొర్రెకు వెంటనే ఎవురన్నా నీళ్లు పెడతారా? ముందు రొప్పు తగ్గాల. నీడ గావాల, గాలి గావాల. అది నన్నడిగితే చెప్పనా?" అంది.

మోటారు గదిలోంచి నులక మంచం తెప్పించి కానుగ చెట్టు కింద వేయించింది. గాలి వచ్చే వైపున గొర్రెపిల్లలకు ఎండ తగలకుండా కట్టే గోనెపట్టాను తడిపి వేలాడదీసింది. పట్టా నీళ్లు బ్యాటరీలకు తగలకుండా మూరెడు దూరం ఉంచమన్నాను. మంచం మీద పెట్టిన బ్యాటరీకి నులక సందుల్లోంచి కిందనుంచీ గాలే, పక్కనుంచీ చల్లగాలే. ఇరవై నిమిషాలకు గన్ పెట్టి చూశాను. నా కళ్లను నేను నమ్మలేదు, మళ్లీ పెట్టి చూశాను. హాయిగా చల్లారిపోయింది.

"పెట్టుకో ఛార్జింగుకు!" అని కేక వేశాను.

ఆ వేడిలోనే ఓబులమ్మతో రెండో పంచాయతీ కూడా తేల్చేశాను. "పెద్దమ్మా, గొర్రెను పీకలదాకా మేపి మూడు వారాలు కదలనీయకుండా కొట్టంలో కట్టేస్తే ఏమవుతాది?"

"కడుపుబ్బి చస్తాది."

"నీ కోడలి బ్యాటరీలు రెండు అట్లనే పోయినాయి."

"అయితే సగం కడుపుతో పండుకోబెట్టాల్నా? మనసొప్పదబ్బా!" అంది ఓబులమ్మ. ఒప్పుకుందో లేదో అప్పుడు నాకు తెలియలేదు.

గురువారం మొత్తం మీద పదెకరాలయ్యాయి. శుక్రవారం పద్నాలుగు. ఒకటి గాల్లో, ఒకటి మంచం మీద, ఒకటి ఛార్జర్ దగ్గర. మూడూ అట్లా తిరుగుతూనే ఉన్నాయి. శనివారానికి పదహారు మిగిలాయి. దుకాణానికి తాళం వేసి నేనూ పొలంలోనే కూర్చున్నాను. ఇక అది నా పరువు కూడా. ఇంకో నిమిషం ఎగరేస్తే సాలు చివరికి పోతుందని రైతులు గోల పెట్టినా, ముప్పై శాతం కనబడగానే నాగేశ్వరి దించేసింది. ఎవరి మాటా వినలేదు. చూస్తుంటే నాకే ముచ్చటేసింది.

పొద్దు ఇంకా కొండ మీదుండగానే నలభయ్యో ఎకరం చివరి సాలు మీద డ్రోన్ మందు చల్లుకుంటూ పోయి, తిరిగొచ్చి దిగింది. ఆడవాళ్లు ఈలలు వేశారు. సుబ్బలక్ష్మి గట్టు దిగి వచ్చింది.

"దర్శి ఆయనకు ఫోన్ చేసి చెప్పినా, రావద్దని. డ్రోన్ ఎక్కడికీ పోదు. మన పైలెట్ దగ్గరే ఉంటాది" అని, "రా నాగేశ్వరీ, అందరం ఫోటో దిగుదాం" అని చెయ్యి పట్టుకుంది.

నాగేశ్వరి చెయ్యి విడిపించుకుంది. డ్రోన్ లోంచి బ్యాటరీ ఊడదీసి, చేతి వెనకవైపు ఆనించి వేడి చూసింది. "ఉండక్కా, ముందు దీన్ని పండుకోబెట్టి వస్తా" అని నులక మంచం వైపు నడిచింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఏడాది దాటింది. ఆ మూడు బ్యాటరీలూ ఇంకా ఎగురుతున్నాయి. మొన్న తెస్తే మీటరు పెట్టి చూశాను, లోపలి అడ్డు పెద్దగా పెరగలేదు. కొత్తగా కొన్న రెంటిలో ఒక్కటీ ఉబ్బలేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి డ్రోన్ నడిపేవాళ్లు నా దగ్గరికి వస్తే, బ్యాటరీ ఎట్లా పెట్టుకోవాలో నాగేశ్వరి దగ్గరికి వెళ్లి చూసి రమ్మంటున్నాను.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. ఇన్నేళ్లూ బ్యాటరీని బల్ల మీద చూసి తీర్పు చెప్పేవాణ్ణి. అది బతికేది నా బల్ల మీద కాదు, వాళ్ల ఎండలో, వాళ్ల గదిలో. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు కుర్చీ వేస్తున్నాను, ఎక్కడ పెడతావు, ఎట్లా పెడతావు అని అడుగుతున్నాను. తిట్టడం మానలేదు, అది ఆ తరవాత.

నిన్న ఓబులమ్మ ఫోన్ చేసింది. "నాయనా మస్తానూ, వారం రోజులు పని లేదంట. నా కోడలు ఊరికి పోయింది. ఐదింటినీ చూసినా, రెండేసి లైట్లే వెలుగుతున్నాయి. అట్లనే ఉండనిచ్చినా, నింపలేదు. సరేనా?"

"సరే పెద్దమ్మా" అన్నాను.

"బియ్యం డబ్బా మాత్రం నిండుగానే ఉంది, చెప్తున్నా" అని పెట్టేసింది.