ఆదివారం యాడికి పోతవ్?

సూర్యాపేటలో నేను కిరాయికుంటున్న ఇంటి గేటుకు ఓనరు కెమెరా పెట్టించినప్పుడు సంతోషించాను. విడాకులై ఆరేళ్లు. ఒక్కదాన్నే ఉంటాను. పొద్దున గరిడేపల్లి బడికి పోతే సాయంత్రానికి గానీ రాను. దొంగల భయం తప్పిందనుకున్నాను.

నెల తిరక్కముందే ఓనరమ్మ మెట్ల దగ్గర ఆపింది.

"టీచరమ్మా, ఆదివారం ఆదివారం పదకొండింటికి పోయి అయిదున్నరకొస్తున్నరు. యాడికి?"

"పనుంటది" అన్నాను.

"ఏం లేదు, ఊకెనే ఫోన్ల సూస్తుంటే కనవడ్డరు."

నవ్వుతూనే అంది. ఆ నవ్వులో చెడేమీ కనిపించలేదు. అయినా గదిలోకి వచ్చి గడియ పెట్టాక, పడిందో లేదోనని మళ్లీ చూసుకున్నాను.

నేను పోయేది మిర్యాలగూడకు, నా మాజీ అత్తమ్మ దగ్గరికి. విడాకుల పంచాయితీలో పదిమంది ముందు "తప్పు నా కొడుకుదే" అన్న మనిషి ఆమె ఒక్కతే. తర్వాత పక్షవాతం వచ్చి, కుడిచెయ్యి పడిపోయి, మాట సగం పోయి, కూతురింట్లో మంచాన పడింది. నేను తలకు నూనె రాసి జడ వేసేదాన్ని. గోళ్లు తీసేదాన్ని. ఆమె ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని నిద్రపోయేది.

ఈ సంగతి మా ఇద్దరికీ, ఆడబిడ్డకూ తప్ప ఎవరికీ తెలియదు. "అన్నకు తెలిస్తే ఊకోడు వదినా" అనేది ఆడబిడ్డ. అతను మళ్లీ పెళ్లి చేసుకుని హైదరాబాదులో ఉంటున్నాడు.

నాకది త్యాగంలా ఎప్పుడూ అనిపించలేదు. వారమంతా నేను టీచర్ని, విడాకులామెను, ఒకరి చెల్లెల్ని. ఆ మంచం పక్కన కూర్చున్న మూడు గంటలూ ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేని మనిషిని.

తర్వాత స్టాఫ్‌రూంలో నేను అడుగు పెడితే మాటలు ఆగిపోవడం మొదలైంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో, పేరు పెట్టకుండా, "కొందరికి ఆదివారం కూడా డ్యూటీలే" అని రాశారు. కింద వరసగా నవ్వే బొమ్మలు. ఒక ఆదివారం బస్సులో నా వెనక సీట్లో కూర్చున్న మనిషి మిర్యాలగూడలో నాతోపాటే దిగాడు. జ్యూస్ బండి దగ్గర నిలబడి ఫోను నా వైపు ఎత్తి పట్టుకున్నాడు. మూడు సందులు తిరిగి పోయాను. ఆ రోజు జడ వేస్తుంటే పాయలు తప్పాయి, రెండుసార్లు విప్పి మళ్లీ అల్లాను.

అత్తమ్మ తల తిప్పి చూసింది. "ఏ...మైంది?" అంది. ఆ ఒక్క మాటకే ఆమెకు చాలాసేపు పట్టింది.

ఏమీ లేదన్నాను.

రెండు రోజులకు కోదాడ నుంచి అన్నయ్య ఫోన్.

"మీ కాలనీ ఆయనెవరో నీ ఫొటో పంపాడు నాకు. మిర్యాలగూడలో ఏదో సందులోకి వెళ్తున్నావ్. ఎవరమ్మా వాడు?"

"ఎవరూ లేరన్నా."

"నాకు కూడా చెప్పకపోతే ఎట్లా? నలుగురిలో తిరిగేవాణ్ణి." గొంతు జీరపోయింది. చిన్నప్పుడు కూడా అతని గొంతు అలా వినలేదు.

చెప్పేశాను. చెబుతుండగానే ఏదో చేయి జారిపోతున్నట్టు తెలిసింది, అయినా ఆపలేదు.

"ఇంత మంచి పని దాచుకోవడం దేనికే పిచ్చిదానా" అన్నాడు.

ప్రేమతోనే చేశాడు. ఫొటో పంపినవాడికి ఆ ఇల్లు, ఆ మనుషులు, కారణం, అన్నీ రాసి పంపాడు. సాయంత్రానికి అది కాలనీ గ్రూపులో ఉంది. ఈసారి దండం పెట్టే బొమ్మలు. ఓనరమ్మ గిన్నెలో సేమ్యా పాయసం తెచ్చింది. "దేవతవు టీచరమ్మా. మేము ఏందేందో అనుకుంటిమి" అంది. ఏమనుకున్నారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పాయసం ముట్టబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం మిర్యాలగూడలో ఆడబిడ్డ తలుపు తీయలేదు. కిటికీ లోంచే మాట్లాడింది.

"అన్న వచ్చిపోయిండు వదినా. ఊరంతా చెప్పి పరువు తీసినమంటుండు. అమ్మను హైదరాబాద్ తోల్కపోయిండు. ఇగ నువ్వు రాకు."

"యాడ పెట్టిండు? అడ్రస్ అన్న ఇయ్యి."

తల అడ్డంగా ఊపి కిటికీ మూసింది. అది మూసుకునేలోపే లోపల ఖాళీ మంచం కనిపించింది, దుప్పటి కూడా తీసేశారు.

నాలుగు నెలలకు ఆడబిడ్డే ఫోన్ చేసింది. అత్తమ్మ పోయి అప్పటికి మూడు రోజులు. చివరి రోజుల్లో ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదట, తల దువ్వబోతే ఎడమచేత్తో నెట్టేసేదట. చివరికి జుట్టు కత్తిరించేశారట.

మర్నాడు బడికి పోయాను. "కండ్లు ఎర్రగున్నయి మేడం, ఏమైంది?" అని పక్క టీచరు అడిగింది.

"నిద్ర లేదు" అన్నాను.

అత్తమ్మ పోయిన సంగతి అన్నయ్యకు ఇప్పటికీ చెప్పలేదు.