నూలు తెగని డిసెంబరు

చలికాలం వచ్చిందని ఓదెమ్మకు క్యాలెండరు చెప్పనక్కర్లేదు, నూలు చెప్తుంది. ఉత్తరం నుంచి పొడిగాలి మొదలైందా, పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాయి. అప్పుడు సాంచాల షెడ్డులో, అంటే మరమగ్గాలు ఆడే చోట, నేల మీద బకెట్లతో నీళ్లు చల్లుతారు. గాలిలో తడి ఉంటేనే నూలుకు బలం. పాతికేళ్లుగా ముంబయి పక్కనున్న భివండీలో, నిజాంపురా పేటలో సాంచాలకు కండెలు చుడుతున్న మనిషి కదా, గాలిని వేళ్లతోనే చదివేస్తుంది. అక్షరం ముక్క మాత్రం రాదు. నేనేమో ఇక్కడి తెలుగు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, పైగా పక్క గది. రేషను కాగితమైనా ఆసుపత్రి చీటీ అయినా నా దగ్గరికే తెస్తుంది.

ఆమెది పెద్దపల్లి వైపు, గుంట భూమి లేని ఇల్లు. పెళ్లయిన నెలకే మొగుడు నర్సింగ్ వెంట రైలెక్కి భివండీకి వచ్చింది. అతను నడిపిన సాంచాలు చివరికి తుక్కుకు పోయాయి. మాన్కోలి గోదాముల్లో బస్తాలు మోసి నడుము పోగొట్టుకున్నాడు. తర్వాత కూలీల మెస్సులో వంటకు కుదిరాడు. వంకాయ కూర వండితే వాడంతా వాసన, నేనే సాక్షి! ఆ చేతిరుచి చూసిన ఒకాయన, ముంబయి రేవులో చేపల బోటుకు వంటమనిషి కావాలన్నాడు. ఒకసారి వెళ్తే పన్నెండు రోజులు నీళ్ల మీదే.

నవంబరులో ఓదెమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

“టీచరమ్మా, గాయన సముద్రం ఎన్నడు సూడలె. పంపాల్నా, వద్దా?”

పాఠం చెప్పమంటే నాకు ఒళ్లు తెలియదు. “శ్రావణంల నారళీ పున్నమికి ఇక్కడి చేపలోళ్లు, కోలీలు, సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చిన్రంటే ఇగ గండం గడిచినట్టే ఓదెమ్మా. చలికాలంల సముద్రం పాలిచ్చే ఆవు. నిమ్మలంగ పంపు.”

పంపింది.

డిసెంబరులో అతను రెండోసారి బోటెక్కిన ఆరో రోజు, షెడ్డులో ఒకటే సంబరం. పొద్దుటి నుంచి ఒక్క పోగు తెగలేదు. యజమాని భూపతి సేఠ్ ఆమె దగ్గరికి వచ్చి నవ్వాడట.

“ఏమే ఓదెమ్మా, ఇయ్యాల నీ చెయ్యి మస్తున్నది!”

పక్కన కండెలు చుట్టే రోజా అందుకుంది. “నర్సింగ్ బావ ఇంట్ల లేకపోతె అక్క పని గట్లనే ఉరుకుతది సేఠ్!”

అందరూ నవ్వారు. ఓదెమ్మ చెయ్యి ఆగిపోయింది. నూలు పట్టి చూసింది. మెత్తగా, చెమ్మగా ఉంది. ఆ రోజు ఎవరూ నేల మీద నీళ్లు చల్లలేదు.

తలనిండా దూది పీచుతో నా గదిలోకి ఉరికొచ్చింది. “టీచరమ్మా, గాలి తిరిగింది. చలికాలంల గింత తడి యాడికెల్లొచ్చె? గిది సముద్రం గాలి. ఫోన్ల సూడు.”

“మబ్బు పట్టిందేమోనే!” అని నవ్వుతూనే వాతావరణ శాఖ వాళ్ల చేపలవేట హెచ్చరిక తెరిచాను. పైకే చదివాను. లక్షద్వీప్ దగ్గర అల్పపీడనం. ఉత్తరంగా కదులుతోంది. దక్షిణ మహారాష్ట్ర, గోవా తీరాల వెంట గంటకు యాభై ఐదు కిలోమీటర్ల గాలి, ఉండుండి అరవై ఐదు. ఎవరూ వేటకు పోవద్దు. పోయినవాళ్లు వెంటనే ఒడ్డుకు రావాలి.

“పోయినోళ్లకు ఎవలు జెప్తరు?” అంది ఓదెమ్మ.

నర్సింగ్ ఫోను అందలేదు. బోటు యజమాని గుమాస్తా పంకజ్‌కు చేశాను. బోటు ఆ గోవా వైపే పోయిందనీ, వైర్‌లెస్‌లో పిలుస్తున్నామనీ, నిన్న సాయంత్రం నుంచి ఆ బోటు పలకడం లేదనీ చెప్పాడు. ఆమెకు ఏమీ చెప్పకుండానే తెలిసిపోయింది, నా మొహం అలాంటిది.

రెండు రోజులు వాన. డిసెంబరులో వానేంటని ధామన్కర్ నాకా కూడలిలో జనం వేడి భజ్జీలు తింటున్నారు. ఓదెమ్మ అన్నం ముట్టలేదు. కొత్త హెచ్చరిక వచ్చినప్పుడల్లా చదివించుకుంది. నేను ఆగలేక ఏడ్చేశాను.

“నేనే పంపుమంటి గద ఓదెమ్మా.”

“నువ్వు జెప్పినవ్, నేనిన్న. ఇప్పుడు గదెందుకు? సదువు.”

భూపతి సేఠ్ స్వయంగా గుమ్మం దాకా వచ్చాడు. “నూలు గింత మంచిగ నడుస్తుంటె ఇంట్ల కూసుంటవా?”

“నూలు తెగుడు మొదలైతె వస్త సేఠ్” అంది. ఆయన గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను. గోవా దారిలోని దేవ్‌గడ్ రేవు నుంచి నర్సింగ్! అలల నీళ్లు పడి వైర్‌లెస్ చెడిందట. వేరే బోట్లు ఒడ్డుకు తిరగడం చూసి, బోటు నడిపే తాండేల్ వల కోసి వదిలేసి వాటి వెంట తిప్పాడట.

స్పీకరులో పెట్టిన ఫోనును ఓదెమ్మ లాక్కుంది. “గాలి ఎటుదిక్కు కొడుతుంది?”

“ఓసినీ! మొగుడు బతికిండా అని అడుగవా?”

“నీ గొంతు ఇనవడుతనే ఉన్నది. గాలి సంగతి జెప్పు.”

“తగ్గింది. తాండేల్ ఎల్లుండి మల్ల పోదమంటుండు.”

“నువ్వు దిగు. బస్సెక్కు.”

“దిగి ఏం జేయాలె ఓదెమ్మా? నేను నడిపిన సాంచాలు లెవ్వు, నడుము లేదు.”

ఓదెమ్మ నా వైపు తిరిగింది. “ఎల్లుండిది సదువు టీచరమ్మా.”

చదివాను. ఎల్లుండికి హెచ్చరిక లేదు. ఆ తర్వాత మూడు రోజులకూ లేదు.

“తర్వాత?”

“అయిదు దినాల దాకనే ఉంటది ఓదెమ్మా. ఆపై వాళ్లకూ తెల్వదు.”

“గాయన ఉండేది పన్నెండు దినాలాయె.” ఫోను నోటికి దగ్గరగా పట్టుకుంది. “ఇంటున్నవా? ఎల్లుండి పోతె నాలుగు దినాలే నీళ్ల మీద ఉండున్రి. అయిదో దినం యాడ రేవుంటె ఆడ దిగి ఫోన్ జెయ్యి. నేను సదివిచ్చి జెప్త, అప్పుడు పోదురు. గీ మాట మీ తాండేల్‌కు జెప్పు.”

నర్సింగ్ అక్కడున్న తాండేల్‌కు హిందీలో చెప్పడం మాకు వినబడుతూనే ఉంది. ఆ వెంటనే తాండేల్ పెద్దగా నవ్వాడు, నవ్వుతూనే సరే, అయిదో రోజు రేవులో ఆగుదామన్నాడు.