యాంటెన్నా తిప్పొద్దన్న నానమ్మ

పొద్దున మా మన్సూరాబాద్ ఇంట్లో కొత్త సెట్‌టాప్ బాక్స్ పెట్టించాం. బొమ్మ అద్దంలా వచ్చింది. వార్తలు చదివే ఆమె కమ్మల రాళ్ల మెరుపు కూడా కనిపిస్తోంది. నేను మాత్రం ఆమె పక్కన ఇంకేదో వెతుకుతున్నాను.

మన బ్లాక్ అండ్ వైట్ టీవీల్లో ప్రతి మనిషి పక్కన ఒక మసక మనిషి నిలబడేవాడు, గుర్తుందా? దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి ఎదురుగా రెండంతస్తుల బిల్డింగు లేచింది. సిగ్నల్ ఆ గోడకు తగిలి రెండోసారి వస్తుందట. అప్పటినుంచి మా టీవీలో అందరూ జంటలే. నాన్న డాబా మీద యాంటెన్నా పైపు తిప్పుతుంటే, నేను కిటికీలోంచి "వచ్చింది... మళ్ల పోయింది!" అని అరిచేదాన్ని.

ఆ ఏడే తాత పోతే, నానమ్మ నల్లగొండ దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి వచ్చింది. ఒకరోజు నాన్న పైకి పోతుంటే ఆపింది.

"తిప్పకు బిడ్డా. గా ఎనకున్నోళ్లు ఎవరో గని, మనిషిని ఒంటిగ ఇడిసిపెడ్తలేరు."

నాన్న మెట్లు దిగి వచ్చేశాడు. మళ్లీ పైపు ముట్టుకోలేదు. నానమ్మ ఉన్నన్నాళ్లూ మేం జంట బొమ్మలే చూశాం. అది టీవీ లోపమో, మా ఇంటి అవసరమో నాకిప్పటికీ తేలలేదు.

"క్లియర్ ఉందా మేడం? డిజిటల్‌ల నీడలు రావు," అన్నాడు బాక్స్ పెట్టిన టెక్నీషియన్.

"ఉంది. కానీ ఆమె ఒక్కతే ఉంది."

అతను టీవీ వంకా, నా వంకా చూశాడు.

"ఇంకెవరుండాలె మేడం?"