పై అంతస్తు శ్రోతలు

నిన్న రంగూన్ శివారు తాకేటాలో మా వీధి చివర వడ్రంగి టేకు చెక్కను చిత్రిక పడుతున్నాడు. వానకు తడిసిన చెక్క. దాని నూనె వాసన ముక్కుకు తగలగానే, బస్సు దిగి వస్తున్నదాన్ని కాసేపు అక్కడే ఆగిపోయాను. వానాకాలంలో మా తెలుగు బాప్టిస్టు చర్చి చివరి బల్ల దగ్గర ఈ వాసనే ఉండేది. ఆ బల్ల మీద నన్ను కూర్చోబెట్టిన మనిషి రూతమ్మ, మాకు పాట నేర్పిన టీచరు. బర్మాలో టీచరమ్మను సయామా అంటారు కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్ళం. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పొగడ్త అంటే ఒంటికి పడదు.

సయామా చిన్నప్పుడు కాన్వెంటులో చదివింది. అక్కడ ఆమెకు పియానో నేర్పిన కన్యాస్త్రీది ఇటలీలోని మిలాన్. ఆవిడ పాఠంతో పాటు తన ఊరి ఒపెరా నాటకశాల చరిత్ర కూడా చెప్పేదట. సైనిక ప్రభుత్వం బడులన్నీ స్వాధీనం చేసుకుని విదేశీయులను పంపేసినప్పుడు ఆవిడా వెళ్ళిపోయింది. ఆ చరిత్ర మాత్రం సయామా దగ్గర మిగిలింది. శనివారం మధ్యాహ్నాలు సాధనకు ముందు మాకు కొంచెం కొంచెం చెప్పేది. ఇటలీ ఎక్కడుందో మాలో సగం మందికి తెలియదు. బాప్టిస్టులకు నాటకాలతో పనేమిటని పెద్దలు గొణిగేవారు. ఆమె ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది.

మిలాన్‌లో పాత నాటకశాల కాలిపోతే, ఒక చర్చిని పడగొట్టి ఆ స్థలంలో కొత్తది కట్టారట. కలిగిన కుటుంబాలు ఖర్చు భరించి, లోపల చుట్టూ అంతస్తులుగా కట్టిన చిన్న చిన్న గదులను సొంతం చేసుకున్నాయి. వేదిక మీద పాట సాగుతుంటే ఆ గదుల్లో భోంచేసేవారు, కబుర్లాడేవారు, ఎవరేం తొడుక్కొచ్చారో చూసుకునేవారు. అన్నిటికన్నా పైన, కప్పుకు ఆనుకుని, చవక టిక్కెట్ల అంతస్తు. సయామాకు ఆ కట్టడం మొత్తంలో నచ్చింది అదొక్కటే.

“పైనోళ్ళకి పాటంతా కంటతా వొచ్చు,” అనేది. “పాడీవోడు ఓ సోట తప్పితే సాలు, ఈలలేసి ఎగతాళి సేసీవోరు. ఎంత గొప్పోడైనా రాజుకి బయపడడు, ఆళ్ళకి బయపడతాడు. ఆళ్ళున్నారు కాబట్టే దానికంత పేరు.”

యుద్ధంలో బాంబు పడి దాని కప్పు కూలిందనీ, యుద్ధం ముగియగానే మళ్ళీ కట్టుకున్నారనీ చెప్పిన రోజున నేను ఊరుకోలేక అడిగాను. “మన రంగూన్ మీదా బాంబులు పడ్డాయి కదా సయామా, మనం ఏటి కట్టుకున్నాం?”

“నేనీ పాటల జట్టు కట్టేను. సాలదేటి నీకు?” అంది.

ఆ పై అంతస్తును ఆమె మా చర్చిలోకి తెచ్చింది. మేడ లేదు కాబట్టి చివరి బల్లే పై అంతస్తు. ప్రతి శనివారం మాలో ఒకరు పాడకుండా అక్కడ కూర్చుని, విన్నది విన్నట్టు చెప్పాలి. అలా నేను డీకన్‌గారి అబ్బాయిది మేక గొంతు అన్నాను. అతను నెల రోజులు నాతో మాట్లాడలేదు. సయామా మాత్రం అతని చేత ఆ వరుస ఇరవైసార్లు పాడించి మేకను తరిమేసింది.

బడులు ప్రభుత్వం తీసుకోవడంతో అప్పటికి ఆమెకు టీచరు ఉద్యోగం కూడా పోయింది. ప్రభుత్వం లాక్కోగా దుకాణాలు పోగొట్టుకున్న మనవాళ్ళు ఒక్కొక్కరే విశాఖపట్నం ఓడ ఎక్కుతున్నారు. ఆ ఏడు ఈస్టరు కాగానే ఇంకో ఆరు కుటుంబాలు వెళ్ళడానికి సిద్ధమయ్యాయి. వాళ్ళంతా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఈస్టరు ఆరాధనలో వాళ్ళ ముందు ఆఖరిసారి ఒంటరిగా ఒక కీర్తన పాడాలనుకుంది. చాలా ఏళ్ళుగా ఆమె మాకు పాడించడమే తప్ప తాను పాడింది లేదు. అంతకు ముందు శనివారం అందరినీ పంపేసి నన్ను చివరి బల్లకు పొమ్మంది.

పాడింది. మొదటి చరణం బాగానే సాగింది. మూడో చరణంలో పైస్వరం దగ్గర గొంతు జీరబోయింది, ఊపిరి చాలలేదు. నాకు స్పష్టంగా వినిపించింది.

“ఏటే, ఎలాగుంది?”

ఆమె చేతులు హార్మోనియం మీదే ఉన్నాయి. ఈస్టరుకని, ఇక్కడి ఆడవాళ్ళు కట్టుకునే లుంగీ, తెల్లది కొత్తగా కుట్టించుకున్న సంగతి నాకు తెలుసు. నాకప్పుడు పదిహేనేళ్ళు. జాలి వేసింది.

“సానా బాగుంది సయామా,” అన్నాను.

ఈస్టరు నాడు సరిగ్గా అక్కడే గొంతు పగిలింది. ఆమె ఆగి, మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ పగిలింది. ఎవరూ ఈల వేయలేదు. మనవాళ్ళు మర్యాదస్తులు, తలలు దించుకుని పాటల పుస్తకాల్లోకి చూశారు. కీర్తన సగంలోనే పాస్టరుగారు లేచి ప్రార్థన మొదలుపెట్టారు. ఆ ఆరు కుటుంబాలూ ఆ వారమే వెళ్ళిపోయాయి. వాళ్ళు ఆమె గొంతు వినడం అదే ఆఖరు.

తరువాతి శనివారం మనసొప్పకపోయినా వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“పై అంతస్తుకి పంపితే, కింద గదుల్లో కూకున్నావే నువ్వు,” అంది. “ఎళ్ళు. మళ్ళీ కూకో.”

అదే కీర్తన మొదటినుంచి చివరిదాకా పాడింది. ఈసారి చెప్పాను. జీర గురించి, ఊపిరి గురించి, మూడో చరణం ఇక ఆమె గొంతుకు అందదన్న సంగతీ ఏడుస్తూనే చెప్పాను. ఆమె తల ఊపింది.

“నాకూ అనుమానంగానే ఉండీది,” అంది. “నువ్వు బాగుందన్నావని పాడేను.”

తరువాత లేచి, నన్ను హార్మోనియం దగ్గర నిలబెట్టి, తాను వెళ్ళి చివరి బల్ల మీద కూర్చుంది. ఇంకో పదకొండేళ్ళు అక్కడినుంచే నాకు నేర్పింది. ఎప్పుడూ బాగుందని అనలేదు.

ఇప్పుడు ఆ జట్టు నా చేతిలో ఉంది. నేనూ కటువైన మనిషిననే పేరు తెచ్చుకున్నాను, ఆ పేరు పోగొట్టుకోవాలని లేదు. అబద్ధాలు అందరం ఆడతాం, అవి మరిచిపోతాం కూడా. నేను మరిచిపోలేనిది నా అబద్ధం కాదు. తన చెవులను కాదని, ఆమె నా మాట నమ్మింది.