రాయికి మొట్టికాయ

మీరు మీ జీవితంలో చాలామందికి మొట్టికాయలు వేసి ఉంటారు. నేను ఒక రాయికి వేశాను. ఆ దెబ్బకు నా వేళ్లు, నా పరువు, యూనివర్సిటీ లైబ్రరీలో ఫ్యాను కింద నా కుర్చీ, మూడూ ఒకేసారి పోయాయి. అయినా తప్పు నాదని ఇప్పటికీ ఒప్పుకోను.

నాకు డిగ్రీ లేదు. అప్పట్లో ఆ కుర్చీ ఉండేది. పొద్దున్నే అందరికంటే ముందెళ్లి అందులో కూర్చుని, ఈ నగరపు వంటల చరిత్ర మీద దొరికిందల్లా చదివేశాను. వేడిరాతి మీద మాంసం కాల్చే మన పత్తర్ కా గోష్త్ గురించయితే అడక్కపోయినా చెప్పేవాణ్ని. అలాంటిది తార్నాకలో ఓ టీవీ షెఫ్, పెద్ద మాంసపు ముక్కలు కాల్చిపెట్టే స్టేక్‌హౌస్ తెరిచి, 'మన వారసత్వం: రాతి మీద మటన్ స్టేక్' అని బోర్డు పెడితే ఊరుకుంటానా?

"అది రాయి కాదు, నల్లరంగేసిన ఇనుము. అసలైన రాయికి మొట్టికాయ వేస్తే గంటలా మోగుతుందని ఓ పుస్తకంలో చదివాను" అన్నాను, పక్క కుర్చీ యాదగిరితో. అతనిది జనగామ దగ్గర పల్లె. హాస్టల్లో ఉండి పీజీ చదివేవాడు.

"రాయే అయితే?"

"నా కుర్చీ నీది."

"మాట మీదుంటవా అన్నా? ఎండకాలం వస్తున్నది మల్ల."

వెళ్లాం. మాంసం మీడియంగా కాల్చాలా, వెల్ డన్‌గా బాగా కాల్చాలా అని అడిగి వెళ్లిన వెయిటర్ రాయి తెచ్చిపెట్టాడు. దాని మీద మాంసం చుయ్యిమంటోంది. "సార్, స్టోన్ ఫుల్ హీట్ ఉంది. టచ్ చెయ్యకండి."

"చూశావా, ముట్టుకోనివ్వరు!" అని యాదగిరికి కన్నుగీటాను. సరిగ్గా అప్పుడే షెఫ్ గారు నవ్వుతూ మా బల్ల దగ్గరికొచ్చారు. ఇంతకంటే మంచి ముహూర్తం ఉంటుందా? చెయ్యెత్తి, ఎక్కాలు అప్పజెప్పని పిల్లాడికి పంతులు వేసినట్టు ఒక్కటి వేశాను.

నా కేకకి మెట్రో స్టేషన్లో రైలెక్కబోయేవాళ్లు కూడా ఆగిపోయి ఉంటారు.

"ఏమైంది సార్?" అన్నారు షెఫ్.

"ఏం లేదు. వారసత్వాన్ని పరిశీలిస్తున్నాను" అన్నాను, చెయ్యి నీళ్ల జగ్గులో ముంచి.

"అన్నా, వేళ్లు మీడియమా, వెల్ డన్నా?" అని యాదగిరి. "రాయే గదా, ఒప్పుకో. కుర్చీ నాదే."

"ఎలా అవుతుంది? రాయి మోగిందో లేదో నాకు వినపడలేదు. నా కేకే వినపడింది. పరీక్ష పూర్తికాలేదు!"

"గట్లనా? ఇంకో చెయ్యి ఉన్నది గద. కొట్టు. ఈసారి ఒర్రకు."

నా ఎడమచేతి వైపు చూసుకున్నాను. పేజీలు తిప్పడానికి మిగిలింది అదొక్కటే.

"తీసుకో. ఆ కుర్చీలో గాలి మరీ ఎక్కువ. పేజీలు నిలవవు" అన్నాను.

ఆ ఎండాకాలమంతా యాదగిరి ఫ్యాను కింద హాయిగా కునికాడు. నేను గోడవారన చెమటోడుస్తూ చదివాను. మీరే చెప్పండి, ఆ రోజు చెంచా పళ్లెం పక్కనే ఉంది. దాంతో కొట్టమని ఆ పుస్తకం రాసినాయన ఒక్క ముక్క రాస్తే ఆయన సొమ్మేం పోయేది?

అయినా పెద్దమనసుతో, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: బతికుండగా ఇంకెప్పుడూ వేడిరాయికి చేత్తో మొట్టికాయ వెయ్యను.

చెంచాతో వేస్తాను.